సిరంజా, ఎక్సెల్ షీటా, ఫైలా: వాతావరణ మార్పుల రంగంలో ఏ ఉద్యోగం ఎవరికి

పోయిన జూన్‌లో మా అక్క కూతురు ఫోన్ చేసింది. ఎమ్మెస్సీ ఎన్విరాన్‌మెంటల్ సైన్స్ అప్పుడే పూర్తయింది. "పిన్నీ, రెండు చోట్ల వచ్చింది. ఒకటి వరి పొలాల్లో గ్రీన్‌హౌస్ గ్యాస్‌లు కొలిచే ప్రాజెక్టు, ఇంకోటి హైటెక్ సిటీలో ఈఎస్‌జీ అనలిస్ట్, కంపెనీల పర్యావరణ నివేదికల పని. మూడో చోట ఇంటర్వ్యూ ఉంది, ప్రాజెక్ట్ కోఆర్డినేటర్ అట. ఏదైనా క్లైమేటే కదా, జీతం ఎక్కువ ఇచ్చేది పట్టుకుంటా" అంది.

అక్కడే ఆగమన్నాను. నోటిఫికేషన్ మీద మూడింటికీ 'వాతావరణ మార్పు' అనే రాసి ఉంటుంది. రోజు గడిచే తీరు చూస్తే మాత్రం ఒకటి పొలం కూలీకీ ల్యాబ్ టెక్నీషియన్‌కీ మధ్య పని, ఒకటి అకౌంటెంటు పని, ఒకటి పెళ్లిపెద్ద పని. మొదటిది నేను నాలుగేళ్లు చేశాను. మూడోది తొమ్మిదేళ్లుగా చేస్తున్నాను. రెండోది చేయలేదు కానీ చేసేవాళ్ల పక్కన కూర్చుని వాళ్ల షీట్లలో తప్పులు పట్టాను, నా షీట్లలో తప్పులు వాళ్ల చేత పట్టించుకున్నాను. కాబట్టి దాని గురించి రాసేది బయటివాళ్ల చూపే, అది గుర్తుపెట్టుకుని చదవండి.

సిరంజి

వరి మడిలో మీథేన్ కొలవడం పొద్దున 9 గంటలకు మొదలవుతుంది. ఆ వేళ తీసిన రీడింగు రోజు మొత్తం సగటుకు దగ్గరగా ఉంటుందని 9కీ 11కీ మధ్య తీస్తారు. నాట్లు పడ్డాక మడిలో ఒక చట్రం దిగేసి వదిలేస్తాం. దాని చుట్టూ గాడి ఉంటుంది. గాడిలో నీళ్లు పోసి, పైన ఎక్రిలిక్ పెట్టె బోర్లిస్తే లోపలి గాలి బయటికి పోదు. లోపల బ్యాటరీతో తిరిగే చిన్న ఫ్యాను, ఒక థర్మామీటరు. పెట్టె బోర్లించిన క్షణం సున్నా నిమిషం. అప్పుడొక సిరంజి గాలి, 15 నిమిషాలకు ఇంకొకటి, 30 నిమిషాలకు మరొకటి. సిరంజి మీద పెన్నుతో ప్లాటు నంబరు, టైము. ఇన్ని ప్లాట్లు, ఇన్ని పెట్టెలు, చేతులేమో రెండే. అందుకే పక్కన ఊరి మనిషి ఒకరుండాలి. మా దగ్గర పనిచేసిన పెద్దాయన గడియారం చూడకుండానే "అమ్మా, పదిహేనయింది" అనేవాడు, ఎప్పుడూ తప్పలేదు.

పెట్టె దగ్గరికి వెళ్లడానికి మడిలో చెక్క పలకలు వేసుకుంటాం. బురదలో కాలు గట్టిగా పడితే అడుగునున్న బుడగలు పైకి వస్తాయి. ఆ బుడగల్లో ఉండేది మీథేనే. కొత్తగా చేరిన కుర్రాడు పలక మీంచి జారి పడ్డాడంటే ఒంటికి తగిలిన దెబ్బ కంటే ఆ ప్లాటు రీడింగు పోయిందన్న బాధే ఎక్కువ.

మధ్యాహ్నం సిరంజిలు ల్యాబుకి. అక్కడ గాలిలో ఏ వాయువు ఎంతుందో చెప్పే మెషిన్, గ్యాస్ క్రోమటోగ్రాఫ్, మేం జీసీ అంటాం. మీథేన్‌కు ఒక డిటెక్టరు, నైట్రస్ ఆక్సైడ్‌కు ఇంకొకటి. ముందు, ఏది ఎంతుందో తెలిసిన స్టాండర్డ్ గ్యాస్ ఎక్కించి మెషిన్ సరిగా చదువుతోందో లేదో చూసుకుని, ఆ తర్వాతే శాంపిళ్లు. మూడు సిరంజిల అంకెలూ గ్రాఫులో ఒకే గీత మీద పడితే ఆ పూట అన్నం సహిస్తుంది. పడకపోతే సెప్టమ్ (సూది గుచ్చే రబ్బరు బిళ్ల) లీకైందా, సిరంజి వదులైందా, పెట్టె కింద గాడిలో నీళ్లు ఇంకిపోయాయా అని వెతుక్కోవాలి.

ఈ పనికి ఆదివారం తెలియదు. యూరియా వేసిన తర్వాత కొద్ది రోజులు నైట్రస్ ఆక్సైడ్ ఒక్కసారిగా ఎగుస్తుంది. ఆ రోజులు వదిలేస్తే సీజన్ లెక్కే తప్పు. మీ సెలవులు ప్రభుత్వ క్యాలెండర్ ప్రకారం కాదు, రైతు యూరియా బస్తా విప్పిన రోజు ప్రకారం ఉంటాయి. పైగా ఇక్కడొక తిరకాసు ఉంది. మడిని అప్పుడప్పుడూ ఆరబెట్టి తడిపితే మీథేన్ బాగా తగ్గుతుంది, కానీ నైట్రస్ ఆక్సైడ్ పెరగవచ్చు. ఒకటే కొలిచి గెలిచామనుకునే ప్రాజెక్టులుంటాయి. రెండూ కొలిచే చోట చేరండి.

మన దగ్గర ఈ తరహా పనికి చోట్లున్నాయి. హైదరాబాద్ సంతోష్‌నగర్‌లో క్రీడా, అంటే కేంద్ర మెట్ట వ్యవసాయ పరిశోధన సంస్థ, ఉంది. పటాన్‌చెరులో 1972 నుంచి అంతర్జాతీయ పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ ఉంది. పొలం కాకుండా గాలిని, సముద్రాన్ని చూసేవి వేరు. ఉపగ్రహాల వైపు ఎన్‌ఆర్‌ఎస్‌సీ, తిరుపతి దగ్గర గాదంకిలో వాతావరణ ప్రయోగశాల ఎన్‌ఏఆర్‌ఎల్, సముద్రం సంగతికి హైదరాబాద్‌లో ఇన్‌కాయిస్, విశాఖలో జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ ప్రాంతీయ కేంద్రం. వ్యవసాయ డిగ్రీ ఉన్నవాళ్లకు, ముఖ్యంగా సాయిల్ సైన్స్, అగ్రానమీ చేసినవాళ్లకు పొలం వైపు దారి దగ్గర. ఫిజిక్స్, మెటియరాలజీ వాళ్లకు గాదంకి, ఎన్‌ఆర్‌ఎస్‌సీ వైపు దగ్గర. ఆంధ్రా యూనివర్సిటీ మెటియరాలజీ నుంచి వచ్చిన పాతతరం వాళ్లు ఈ సంస్థల్లో చాలామందే కనిపిస్తారు.

డబ్బు సంగతి. నెట్ లేదా గేట్ ఉండి జేఆర్‌ఎఫ్‌గా, అంటే జూనియర్ రీసెర్చ్ ఫెలోగా, చేరితే 2023 జనవరి నుంచి నెలకు 37,000 రూపాయలు, పైన ఇంటి అద్దె భత్యం. రెండేళ్ల తర్వాత ఎస్‌ఆర్‌ఎఫ్ (సీనియర్ ఫెలో) అయితే 42,000. అది చేతికి నెలనెలా వస్తుందా అన్నది వేరే ప్రశ్న. ప్రాజెక్టు నిధుల విడుదల ఆలస్యమైతే మూడు నాలుగు నెలలు కలిపి ఒకేసారి పడటం ఈ రంగంలో అందరికీ అనుభవమే. ఇంటి నుంచి పంపగలిగే స్తోమత లేని పిల్లలకు ఇది చిన్న విషయం కాదు. చేరే ముందు అక్కడ ఇప్పటికే పనిచేస్తున్న స్కాలర్‌ని పక్కకు పిలిచి "పోయిన నెల పడిందా" అని అడగండి. డైరెక్టరును అడిగితే ప్రయోజనం లేదు.

నా సంగతొకటి చెప్పాలి. మూడో సీజన్‌లో, పంట పొట్టదశలో ఉండగా, మా స్టాండర్డ్ గ్యాస్ సిలిండర్ అయిపోయింది. కొత్తదానికి ఇండెంట్ ముందే పెట్టాం. ఫైలు ఒక టేబుల్ మీద, మూడు కొటేషన్ల బదులు రెండే ఉన్నాయని ఆగిపోయింది. ఎవరూ మాకు చెప్పలేదు. స్టాండర్డ్ లేకుండా జీసీ చెప్పే అంకెకు విలువ లేదు. తీసిన శాంపిళ్లు దాచిపెడితే వయల్స్‌లోంచి గాలి కారిపోతుంది. మూడు వారాల శాంపిళ్లు పారబోశాం. మీథేన్ ఎక్కువ వచ్చే రోజులే అవి. ఆ ఏడాది నా డేటాలో ఆ మూడు వారాల చోటు ఖాళీ. తర్వాత థీసిస్ వైవాలో ఎగ్జామినర్ మొదట వేలు పెట్టింది అక్కడే.

ఆ ఫైలు ఎవరు కదిలించి ఉండాల్సింది? ఆ మనిషే కోఆర్డినేటర్. మా ప్రాజెక్టులో ఆ పోస్టు ఖాళీ. నేను ఇటువైపు రావడానికి అదొక కారణం. దాని గురించి తర్వాత.

ఎక్సెల్ షీటు

ఇక్కడ గాలిని ఎవరూ పట్టుకోరు. బిల్లుల్ని పట్టుకుంటారు. ఎంత వాడారో ఆ పరిమాణాన్ని ఉద్గార గుణకంతో (యూనిట్ వాడకానికి ఎంత ఉద్గారమో చెప్పే అంకె, ఫ్యాక్టర్ అంటాం) గుణిస్తే ఎన్ని టన్నులో వస్తుంది. చెప్పడానికి ఇంతే.

హైదరాబాద్‌లో ఒక మధ్యతరహా ఆసుపత్రి అనుకోండి. ఏడాదికి లక్ష యూనిట్ల కరెంటు వాడిందంటే, మన గ్రిడ్‌కు కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ ఇచ్చే గుణకం యూనిట్‌కు సుమారు 0.7 కిలోలు కాబట్టి, 70 టన్నుల కార్బన్ డయాక్సైడ్. జనరేటర్‌కు పోసిన డీజిల్ లీటరుకు 2.68 కిలోలు. ఇంతవరకూ ఎవరైనా వేస్తారు. అసలు మనిషి ఏసీ మెకానిక్ బిల్లు అడుగుతాడు. ఆర్-410ఏ గ్యాస్ ఏడాదిలో 10 కిలోలు నింపారంటే అంత గ్యాస్ ఎక్కడో కారిపోయిందని అర్థం. ఆ 10 కిలోలే దాదాపు 20 టన్నుల కార్బన్ డయాక్సైడ్‌తో సమానం. మెయింటెనెన్స్ ఖాతాలో 'ఏసీ సర్వీసింగ్' అని ఒక్క లైనులో రాసి పారేసిన బిల్లు అది. దాన్ని వెలికితీయడమే ఈ ఉద్యోగంలో నైపుణ్యం. గుణకారం కాదు.

గిరాకీ ఎక్కడినుంచి వస్తోందో తెలిస్తే ఈ ఉద్యోగం ఎన్నాళ్లు నిలుస్తుందో అంచనా వేయవచ్చు. ఒకటి స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ. మార్కెట్ విలువలో మొదటి 1,000 లిస్టెడ్ కంపెనీలు 2022-23 నుంచి వార్షిక నివేదికతో పాటు బీఆర్‌ఎస్‌ఆర్, అంటే వ్యాపార బాధ్యత, సుస్థిరత నివేదిక, ఇవ్వాల్సిందే. రెండు, ఐరోపా సరిహద్దు కార్బన్ పన్ను. 2023 అక్టోబర్‌లో రిపోర్టింగ్‌తో మొదలై 2026 జనవరి 1 నుంచి అసలు దశలోకి వచ్చింది. ఉక్కు, అల్యూమినియం, సిమెంట్, ఎరువులు అక్కడికి పంపేవాళ్లు టన్ను సరుక్కి ఎంత ఉద్గారమో చెప్పాలి. మూడు, మన సొంత కార్బన్ క్రెడిట్ ట్రేడింగ్ పథకం. 2022లో ఇంధన పొదుపు చట్టాన్ని సవరించి, 2023లో పథకాన్ని నోటిఫై చేశారు. 2025 అక్టోబర్‌లో అల్యూమినియం, సిమెంట్, క్లోర్-ఆల్కలీ, కాగితం పరిశ్రమలకు లక్ష్యాలు కూడా వచ్చాయి. సిమెంట్ అంటే మనకు దూరం కాదు. పల్నాడు, సూర్యాపేట, తాడిపత్రి వైపు వెళ్తే దారి పొడుగునా ఫ్యాక్టరీలే. సిమెంట్‌కు ముడిసరుకైన క్లింకర్ టన్నుకు, బొగ్గు సంగతి పక్కన పెట్టినా, సున్నపురాయి విడిపోయేటప్పుడే సుమారు అర టన్ను కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. అక్కడ మెకానికల్, కెమికల్ ఇంజనీర్లకు ఎన్విరాన్‌మెంటల్ సైన్స్ వాళ్ల కంటే ఎక్కువ విలువ. బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ పెట్టే ఎనర్జీ ఆడిటర్ పరీక్ష పాసై ఉంటే ఇంకా.

అంటే మూడు చట్టాలు ఈ ఉద్యోగాన్ని మోస్తున్నాయి. చట్టం మోస్తున్నంత కాలం జీతం ఉంటుంది. మొదటి జీతం కూడా జేఆర్‌ఎఫ్ కంటే సాధారణంగా మెరుగు, ఒకటో తారీఖున పడుతుంది. ఇంక్రిమెంట్ ఉంటుంది. సొంత ఊరు విడిచి హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో ఉండగలిగితే చాలు.

ఇబ్బంది ఎక్కడంటే, రుతువు. ఇక్కడి రుతువు ఏప్రిల్ నుంచి జూలై. ఆర్థిక సంవత్సరం ముగిశాక అందరి నివేదికలూ ఒకేసారి. ఆ నాలుగు నెలలు ఫ్యాక్టరీ నుంచి డేటా రాదు, వచ్చినా కిలోలో టన్నులో రాసి ఉండదు, క్లయింట్ మాత్రం రోజుకు రెండుసార్లు ఫోన్. టెన్షన్ పడే స్వభావమైతే ఇది చిన్న లోపం కాదు. ఇంకొకటి, ఎవరూ పైకి చెప్పనిది. "కొంచెం తక్కువ ఫ్యాక్టర్ ఏదైనా దొరకదా?" అని ఎప్పుడో ఒకప్పుడు ఎవరో నవ్వుతూ అడుగుతారు. ఆ రోజు ఏం చెప్పాలో చేరే ముందే అనుకుని ఉండాలి.

ఫ్యాక్టర్ ఎంత పని చేస్తుందో వరితోనే చూపిస్తాను. వాతావరణ మార్పులపై ఐక్యరాజ్యసమితి నిపుణుల సంఘం ఐపీసీసీ 2006 మార్గదర్శకాల్లో, నిరంతరం నీళ్లు నిలబెట్టిన, పశువుల ఎరువూ గడ్డీ వేయని మడికి హెక్టారుకు రోజుకు 1.30 కిలోల మీథేన్ అని ఒకే అంకె ఉంది, ప్రపంచానికంతటికీ. 2019లో సవరించినప్పుడు ప్రాంతాల వారీగా విడగొట్టారు. దక్షిణాసియాకు 0.85. పంటకాలం 120 రోజులనుకుంటే పాత అంకెతో హెక్టారుకు 156 కిలోలు, కొత్తదాంతో 102. కిలో మీథేన్ 28 కిలోల కార్బన్ డయాక్సైడ్‌తో సమానమని లెక్క కాబట్టి 28తో గుణిస్తే పాతది 4.4 టన్నులు, కొత్తది 2.9 టన్నులు. మడి అదే, రైతు అదే, నీళ్లూ అవే. ఆ 28 కూడా స్థిరం కాదు. ఒకప్పుడు 21, తర్వాత 25 వాడేవారు. పోయినేడు 25, ఈ ఏడాది 28 వాడి "మా ఉద్గారాలు పెరిగాయి" అని కంగారు పడిన కంపెనీ నివేదిక నా చేతికే వచ్చింది.

ఆ 0.85 ఎక్కడినుంచి ఊడిపడింది? దక్షిణాసియాలో ఎక్కడెక్కడో మడుల్లో ఎవరెవరో పలకల మీద నిలబడి సిరంజి లాగితే వచ్చింది. ఎక్సెల్ ముందు కూర్చునేవాళ్లలో ఈ సంగతి తెలిసినవాడు ఫ్యాక్టర్ పక్కన ప్రశ్నార్థకం పెట్టుకుంటాడు. తెలియనివాడు దాన్ని దేవుడి మాటలా అతికించుకుంటాడు.

దేశం మొత్తానికీ ఇలాంటి షీటే ఉంటుంది. 2024 డిసెంబర్ 30న మన ప్రభుత్వం ఐక్యరాజ్యసమితికి ఇచ్చిన నాలుగో ద్వైవార్షిక నివేదిక ప్రకారం 2020లో భారత్ మొత్తం ఉద్గారాలు 295.9 కోట్ల టన్నులు. అడవులూ భూమీ పీల్చుకున్నది తీసేశాక మిగిలేది 2019 కంటే 7.93 శాతం తక్కువ. కరోనా ఏడాది కదా. ఆ 295.9 కోట్లలో ఇంధన రంగం 75.66 శాతం, వ్యవసాయం 13.72 శాతం. కంపెనీ షీట్లు నచ్చనివాళ్లకు, లెక్క మాత్రం ఇష్టమైనవాళ్లకు, ఈ జాతీయ లెక్క తయారు చేసే సంస్థల వైపు చూడమని చెబుతాను. పోస్టులు తక్కువ. కానీ సిరంజికీ షీటుకీ మధ్య ఉండే పని అది.

ఫైలు

ఇంట్లోవాళ్లకు చెప్పుకోవడానికి అన్నిటికంటే కష్టమైన ఉద్యోగం ఇదే. "ఏం చేస్తావమ్మా?" అంటే ఏం చెప్పాలి. మెయిల్స్ రాస్తాను, ఫోన్లు చేస్తాను, జవాబు ఇవ్వనివాళ్లకు మళ్లీ చేస్తాను.

పెళ్లిపెద్ద అన్నది అందుకే. పెళ్లికొడుకు తను కాదు, పెళ్లికూతురు తను కాదు, పురోహితుడూ కాదు. కానీ వంటవాడు రాకపోతే అందరూ చూసేది ఆయన వైపే.

ఈ పని ఎంత పెద్దదో తెలియాలంటే ఐపీసీసీ చూడండి. 2021లో వచ్చిన ఆరో మదింపు మొదటి భాగానికి 66 దేశాల నుంచి 234 మంది రచయితలు. ఉటంకించినవి 14,000కు పైగా పరిశోధనలు. సమీక్షకులు, ప్రభుత్వాలు పంపిన వ్యాఖ్యలు 78,007. ప్రతి వ్యాఖ్యకూ జవాబు ఉండాలి. రచయితలకు ఐపీసీసీ జీతం ఇవ్వదు, వాళ్లు తమ ఉద్యోగాలు చేసుకుంటూ రాస్తారు. వాళ్లందరినీ గడువు దగ్గరికి నడిపించేది టెక్నికల్ సపోర్ట్ యూనిట్ల సిబ్బంది. జాతీయ ఉద్గార లెక్కల మార్గదర్శకాలకైతే జపాన్‌లోని హయామాలో ప్రత్యేకంగా ఒక యూనిట్ ఉంది. లెక్కా తెలియాలి, మనుషులూ తెలియాలి. ఈ రెండు ఉద్యోగాలూ కలిసే చోటు అంటే నాకు మొదట గుర్తొచ్చేది అదే.

మన స్థాయిలో చూస్తే, 2011లో భారత వ్యవసాయ పరిశోధన మండలి మొదలుపెట్టిన నిక్రా, వాతావరణ మార్పులను తట్టుకునే వ్యవసాయం మీద ప్రాజెక్టు. దేశంలో వందకు పైగా జిల్లాల కృషి విజ్ఞాన కేంద్రాలు అందులో ఉన్నాయి, నడిపేది సంతోష్‌నగర్ నుంచి క్రీడా. అక్కడ శాస్త్రవేత్తలే సమన్వయం చేస్తారు. కాంట్రాక్టు కోఆర్డినేటర్ పోస్టులు ఎక్కువగా అంతర్జాతీయ సంస్థల్లో, ఎన్జీవోల్లో, యూనివర్సిటీ ప్రాజెక్టు ఆఫీసుల్లో వస్తాయి. రాష్ట్రాల కార్యాచరణ ప్రణాళికలు తయారు చేసే చోట కూడా. తెలంగాణకు ఆ ప్రణాళిక తయారు చేసింది గచ్చిబౌలిలోని పర్యావరణ శిక్షణ, పరిశోధన సంస్థ ఈపీటీఆర్‌ఐ.

రోజు ఎలా ఉంటుందో ఒక్క ఉదాహరణ. మూడు సెంటర్ల నుంచి ఒకే సీజన్ మీథేన్ డేటా వచ్చింది. ఒకరు హెక్టారుకు రోజుకు కిలోల్లో పంపారు. ఒకరు చదరపు మీటరుకు గంటకు మిల్లీగ్రాముల్లో. మూడోవాళ్లు యూనిటే రాయలేదు. రెండోది 0.24తో గుణిస్తే మొదటి దానిలోకి వస్తుంది, అది నిమిషం పని. మూడోది ఏమిటో తెలుసుకోవడానికి పదకొండు రోజులు పట్టింది. అక్కడి సీనియర్ సైంటిస్టుకు "యూనిట్ రాయలేదు సార్" అని నేరుగా రాస్తే ఆయనకు కోపం. చివరికి వాళ్ల ల్యాబు అసిస్టెంట్‌కు ఫోన్ చేసి, వాళ్లమ్మ ఆపరేషన్ ఎలా జరిగిందో అడిగి, ఆ తర్వాత యూనిట్ అడిగాను. ఇది పుస్తకాల్లో లేని నైపుణ్యం. జీసీ దగ్గర నాలుగేళ్లు ఉన్నాను కాబట్టి ఆ అసిస్టెంట్ చెప్పిన అంకె వినగానే "అంత రాదు అన్నా, పది రెట్లు ఎక్కువుంది, ఒకసారి చూడండి" అనగలిగాను. ఎక్కడో దశాంశ బిందువు జరిగింది. ఆ అనుభవం లేని కోఆర్డినేటర్ అయితే ఆ అంకెను అలాగే రిపోర్టులోకి ఎక్కించేసేవాడు.

మార్చి నెల గురించి ముందే చెప్పడం నా ధర్మం. 31లోపు ఖర్చు చూపించాలి, యుటిలైజేషన్ సర్టిఫికెట్ మీద సంతకాలు కావాలి. సంతకం పెట్టాల్సిన ఫైనాన్స్ ఆఫీసరు ఉగాదికి ఊరెళ్తాడు. యూసీ పోకపోతే తర్వాతి విడత రాదు, విడత రాకపోతే పైన చెప్పిన జేఆర్‌ఎఫ్ పిల్లలకు జీతం పడదు. ఆ గొలుసు నాకు రెండు చివర్లా తెలుసు కాబట్టి మార్చిలో నేను సెలవు పెట్టను.

లోటు ఏమిటంటే, పేరు. పేపర్ వస్తుంది, అందులో ఇరవై మంది రచయితలుంటారు, మీ పేరు చివర కృతజ్ఞతల్లో ఉంటుంది. అదీ ఒక్కోసారి స్పెల్లింగ్ తప్పుతో. అయిదేళ్ల తర్వాత ఇంకో చోట ఇంటర్వ్యూలో "మీ పబ్లికేషన్స్?" అంటారు. నేను రెండో ప్రాజెక్టు నుంచి చేరేటప్పుడే అడిగి రాయించుకోవడం మొదలుపెట్టాను: డేటా క్రోడీకరణ నేను చేస్తే ఆ పేపర్లో రచయితగా ఉంటానని. ఒప్పుకున్నవాళ్లూ ఉన్నారు, ముఖం చిట్లించినవాళ్లూ ఉన్నారు. చిట్లించిన చోట చేరలేదు.

పక్కపక్కన పెడితే

తొందరగా డబ్బు అవసరమైతే ఎక్సెల్. ఇంటి అప్పు, తమ్ముడి ఫీజు ఉన్నవాళ్లకు నేను సిరంజి పట్టమని చెప్పను. శాస్త్రం మీద ప్రేమ ఉంటే అది రెండేళ్ల తర్వాత కూడా ఉంటుంది.

పీహెచ్‌డీ చేయాలనుంటే సిరంజే. మిగతా రెండింటిలో ఉండి పార్ట్‌టైమ్‌గా చేసేస్తాం అన్నవాళ్లలో పూర్తి చేసినవాళ్లు నాకు తెలిసి తక్కువ.

అమ్మాయిల తల్లిదండ్రులు పొలం పని అంటే భయపడతారు. ఆ భయంలో సగం అనవసరం. పొద్దున తొమ్మిదింటి పని, ఊళ్లో అందరికీ తెలిసిన పని. మిగతా సగం మాత్రం నిజం: చాలా ఫీల్డ్ స్టేషన్లలో సరైన టాయిలెట్ ఉండదు. ఇంటర్వ్యూలో అడగడానికి సిగ్గుపడకండి. నేను అడగలేదు, రెండు సీజన్లు ఆ సిగ్గుకు మూల్యం చెల్లించాను.

ఒకదాన్నుంచి ఇంకోదానికి మారడం అన్ని వైపులా ఒకేలా ఉండదు. సిరంజి నుంచి ఎక్సెల్‌కు ఆరు నెలల్లో మారవచ్చు. సిరంజి నుంచి ఫైలుకు మారినవాళ్లు నాలాంటివాళ్లు చాలామంది. ఎక్సెల్ నుంచి ఫైలుకూ కుదురుతుంది. ఫైలు నుంచి వెనక్కి సిరంజికి వచ్చినవాళ్లను నేను చూడలేదు. వయసు, జీతం, అలవాటు, ఏవీ రానివ్వవు. అందుకే అన్నీ అందుబాటులో ఉండి, ఇంట్లో గడవగలిగితే, మొదటి రెండు మూడేళ్లు కొలిచే వైపు గడపమనే నా సలహా. దీనికి మినహాయింపు సోషల్ వర్క్, ఎకనామిక్స్, జర్నలిజం చదివి వచ్చేవాళ్లు. వాళ్లను జీసీ ముందు కూర్చోబెట్టడం ఇద్దరికీ శిక్షే. వాళ్లు నేరుగా కోఆర్డినేషన్‌లోకి రావచ్చు. వచ్చిన మొదటి సీజన్‌లో మాత్రం నాలుగు రోజులు శాంపిలింగ్‌కు వెళ్లి పలకల మీద నిలబడాలి. మా టీమ్‌లోకి వచ్చినవాళ్లందరికీ ఇది నా షరతు.

విదేశాల సంగతి అడిగేవాళ్లకు ఒక్కమాట. అమెరికా వెళ్లి ఇదే చదివి అక్కడే ప్రభుత్వ పరిశోధనలో స్థిరపడాలనుకునేవాళ్లు 2025ను చూసి లెక్క వేసుకోవాలి. ఆ ఏప్రిల్‌లో జాతీయ వాతావరణ మదింపు రాస్తున్న దాదాపు 400 మంది రచయితలను ఒక్క మెయిల్‌తో తప్పించారు. ఏటా ఏప్రిల్‌లో ఇవ్వాల్సిన దేశ ఉద్గారాల లెక్కను కూడా అక్కడి పర్యావరణ సంస్థ ఆ ఏడాది గడువుకు ప్రచురించలేదు. అంటే ఫైలూ పోయింది, షీటూ ఆగింది. అప్పు చేసి వెళ్లేముందు ఐరోపా, జపాన్ కూడా చూడండి.

ఆఫర్ చేతిలో ఉంటే నిర్ణయానికి ముందు ఇంట్లో కూర్చుని చేయగలిగిన పరీక్షలు రెండున్నాయి, ఖర్చు లేనివి. ఐపీసీసీ మార్గదర్శకాల నాలుగో సంపుటి ఉచితంగా దొరుకుతుంది, అందులో అయిదో అధ్యాయంలో వరి ఉంటుంది. మీ ఊళ్లో ఎన్ని ఎకరాల వరి, ఎన్ని రోజులు నీళ్లు నిలుస్తాయి, గడ్డి దున్నేస్తారా అని కనుక్కుని మీ ఊరి మీథేన్ లెక్క వేయండి. లెక్క వేయడం బాగుందా, అడిగి కనుక్కోవడం బాగుందా, లేక 'అసలు ఈ అంకె నిజమేనా, ఒకసారి కొలిస్తే పోలా' అనిపించిందా? రెండోది, ఏదైనా లిస్టెడ్ సిమెంట్ కంపెనీ బీఆర్‌ఎస్‌ఆర్ తెరిచి, రెండేళ్ల ఉద్గారాల అంకెలు పక్కపక్కన పెట్టి, తేడా ఎందుకొచ్చిందో కింద ఫుట్‌నోట్‌లో వెతకండి. గంట తర్వాత కూడా మూయబుద్ధి కాకపోతే ఎక్సెల్ మీది.

ఇంటర్వ్యూలో అడగాల్సినవి కూడా మూడు చోట్లా వేరు. ప్రాజెక్టు అయితే గడువు ఇంకా ఎన్ని నెలలుంది, జీసీ నడుస్తోందా, దానికి ఏఎంసీ (ఏటా నిర్వహణ ఒప్పందం) ఉందా. మెషిన్ చూపించమనండి. దుమ్ము గుడ్డ కప్పి ఉంటే అర్థమైపోతుంది. కంపెనీ అయితే అసలు బిల్లులు మీ చేతికి ఇస్తారా, క్లయింట్ నింపి పంపిన షీటే ఇస్తారా. రెండోదైతే మీరు డేటా ఎంట్రీకే వెళ్తున్నట్టు, ఆ పని సాఫ్ట్‌వేర్‌కు పోవడానికి ఎంతో కాలం పట్టదు. కోఆర్డినేటర్ అయితే మీరు ఎవరికి రిపోర్ట్ చేయాలి. ఇద్దరు ముగ్గురు పేర్లు చెబితే ఒకరికి ఇష్టమైంది ఇంకొకరికి కష్టం, మధ్యలో మీరు.

మా అక్క కూతురు వరి పొలమే ఎంచుకుంది. నా మాట విని కాదు. ఊరి లెక్క వేస్తుంటే వాళ్ల తాతయ్య "మా మడిలో నీళ్లు ఎన్ని రోజులుంటాయో నీ పుస్తకానికేం తెలుసే" అన్నాడట, దానికి పౌరుషం వచ్చింది. చేరిన నెలకు వాట్సాప్‌లో ఫొటో పంపింది. పెట్టె లోపల, ఫ్యాను పక్కన, ఒక కప్ప. "పిన్నీ, పదిహేనో నిమిషంలో చూశాను. కంటిన్యూ చేయనా?"

కప్ప కూడా ఊపిరి తీస్తుంది, అటూ ఇటూ గెంతితే బుడగలూ లేస్తాయి. తీసేసి, పెట్టె గాలికి పెట్టి, మళ్లీ సున్నా నిమిషం నుంచి మొదలుపెట్టమన్నాను.